పాత పైథాన్ వెర్షన్లకు సపోర్ట్ ఎప్పుడు ఆపేయాలి? దేన్ని చూసి నిర్ణయించాలి?

పలకబలపం:

అందరికీ నమస్తే. నేను ఒక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ నడుపుతున్నాను. తెలుగు పాఠం ఇస్తే దాన్ని అక్షరాలుగా విడగొడుతుంది, మాటల్ని అకారాది క్రమంలో పేరుస్తుంది, అంతే దాని పని. కంప్యూటర్‌కి "స్త్రీ" అంటే ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకీ ఇచ్చే నంబర్లు), మనకేమో ఒక్క అక్షరం. ఆ తేడా ప్రతిసారీ ఎవరికి వాళ్లు సర్దుకోకుండా ఒకచోట రాసిపెడదామని మొదలైంది. నిఘంటువుల పని చేసేవాళ్లు, పాత పుస్తకాల బొమ్మల్లోంచి పాఠం తీసి (ఓసీఆర్ చేసి) దిద్దుకునేవాళ్లు, ప్రాజెక్టుల కోసం ఇంజినీరింగ్ పిల్లలు వాడుతున్నారు. నాతోపాటు ఇంకో ఇద్దరు కోడ్ రాస్తారు. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, ఇది రాత్రిపూటా ఆదివారాలూ చేసే పని.

పైథాన్ 3.7 నుంచి 3.14 దాకా అన్నిట్లో నడుస్తుందని రీడ్‌మీలో రాసి ఉంది. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడమే కష్టమైపోతోంది. గిట్‌హబ్‌లో టెస్టులు నడిపే ఉబుంటు 24.04 మెషీన్‌లో 3.7 దొరకదు, దాని ఒక్కదాని కోసం 22.04ని విడిగా పెట్టాల్సి వచ్చింది. టెస్టులు నడిపే పైటెస్ట్ అనే పనిముట్టులో 8వ వెర్షన్ నుంచి 3.7ని తీసేశారు కాబట్టి పాతదానికి 7.4, కొత్తవాటికి కొత్తది, రెండు రకాల సెట్టింగులు. ఎవరైనా కొత్తవాళ్లు ఉత్సాహంగా ప్యాచ్ పంపిస్తే, అందులో రిమూవ్‌ప్రిఫిక్స్ అనే కొత్త ఫంక్షన్ వాడారనో, టైపులు రాసేచోట నిలువుగీత పెట్టారనో పాత వెర్షన్ల టెస్టులన్నీ ఎర్రగా వస్తాయి. "బాగా రాశారండీ, కానీ ఇది 3.7లో లేదు, మళ్లీ రాయండి" అని చెప్పాల్సి వస్తుంది. కొందరు ఆ తర్వాత ఇటువైపు రారు, వాళ్లనీ తప్పుపట్టలేను.

అసలు చర్చ నకారపొల్లు దగ్గర మొదలైంది. పాత అచ్చు పుస్తకాల్లో "న్" బదులు కనిపించే ఆ రూపం యూనికోడ్‌లోకి 14వ వెర్షన్‌లో, అంటే 2021లో వచ్చింది, దాని నంబరు 0సీ5డీ. మా లైబ్రరీ ప్రతి కోడ్‌పాయింట్‌నీ చూసి, ఇది అక్షరమా, గుణింతపు గుర్తా అని పైథాన్‌లోనే ఉండే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ని అడుగుతుంది. పైథాన్ 3.11లో యూనికోడ్ 14 ఉంది కాబట్టి "అక్షరం" అని జవాబిస్తుంది. 3.10లోనూ 3.9లోనూ ఉన్నది యూనికోడ్ 13, ఇక 3.7లో 11. వాటిని అడిగితే ఆ నంబరు ఇంకా ఎవరికీ కేటాయించలేదంటాయి. దాంతో నకారపొల్లుతో ముగిసే మాట అక్కడ తెగిపోయి, వరుసలో ఎక్కడో సంబంధం లేని చోట కూర్చుంటోంది. పాత కావ్యాలు ఎక్కిస్తున్న ఒకాయన దీని మీద ఇష్యూ పెట్టారు. న్యాయమైన ఇష్యూ.

మాలో ఒకరు "3.11 కంటే పాతవన్నీ ఒకేసారి తీసేద్దాం, పీడా పోతుంది" అంటున్నారు. ఇంకొకరి ఆఫీసు సర్వర్‌లో 3.7 ఉంది, తీసేస్తే తనే వాడుకోలేనంటున్నారు. డౌన్‌లోడ్ లెక్కలు చూస్తే 3.7 నుంచి ఇప్పటికీ బాగానే వస్తున్నాయి. ఎవరినీ నడిరోడ్డు మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు, అలాగని ఇలా మోసుకుంటూ పోతే ముగ్గురం కలిసి లైబ్రరీనే వదిలేసే రోజు వస్తుందని భయంగా కూడా ఉంది. దేన్ని చూసి నిర్ణయించాలి? ఎంత ముందు చెప్పాలి? వెర్షన్ నంబరు ఏమివ్వాలి? ఇలాంటివి చేసి ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

బగ్గులవేట:

ముందు నకారపొల్లు సంగతీ పాత వెర్షన్ల సంగతీ విడదీయండి. మీరు రెండూ కలిపేసి చూస్తున్నారు, అందుకే 3.11 అనే నంబరు వచ్చింది.

3.11కి వెళ్లినా మీ సమస్య తీరదు. 2025లో వచ్చిన యూనికోడ్ 17లో తెలుగుకి పాతకాలపు "శ్రీ" రూపం ఒకటి చేరింది, 0సీ5సీ. పైథాన్ 3.14లో ఉన్నది యూనికోడ్ 16. అంటే మీరు సపోర్ట్ చేస్తున్న వాటిలో అన్నిటికంటే కొత్తదానికి కూడా ఆ శ్రీ తెలియదు. పాత పుస్తకాల మీద పనిచేసేవాళ్లే మీ యూజర్లు అయినప్పుడు ఇలాంటి ఇష్యూ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ పైథాన్ ఎప్పుడు నేర్చుకుంటుందా అని చూస్తూ కూర్చోలేం కదా. యూనికోడ్‌లో తెలుగు బ్లాక్ మొత్తం 128 గళ్లు, అందులో కొన్ని ఖాళీ. ఆ 128 గళ్లకి ఏది అక్షరం, ఏది గుర్తు, ఏది అంకె అని ఒక పట్టిక మీ కోడ్‌లోనే పెట్టుకోండి. యూనికోడ్ వాళ్లు విడుదల చేసే డేటా ఫైల్లోంచి ఆ వరసలు తీసుకుంటే సరిపోతుంది. యూనికోడ్‌డేటా2 అని విడి ప్యాకేజీ కూడా ఉంది, కానీ అది సీ భాషలో రాసింది, వీల్ (ముందే కట్టి ఉంచిన ఇన్‌స్టాల్ ఫైలు) దొరకని మెషీన్‌లో కంపైలర్ అడుగుతుంది. చిన్న పట్టిక కోసం అంత డిపెండెన్సీ అనవసరం. పట్టిక పెట్టుకున్నాక నకారపొల్లు 3.7లోనూ సరిగ్గానే కూర్చుంటుంది, ఇక 3.10ని తీసేయడానికి కారణమే ఉండదు. ఉబుంటు 22.04 వాడే ప్రతివాళ్ల దగ్గరా ఉన్నది ఆ 3.10యే, దానికి పైథాన్ వాళ్ల సపోర్ట్ కూడా 2026 అక్టోబర్ దాకా ఉంది.

ఇక 3.7, 3.8, 3.9 మాట. పైథాన్ ఒక్కో వెర్షన్‌ని సుమారు అయిదేళ్లు చూసుకుంటుంది. 3.7కి 2023 జూన్‌లో, 3.8కి 2024 అక్టోబర్‌లో, 3.9కి 2025 అక్టోబర్‌లో ముగిసింది. ఇప్పుడు వాటిలో భద్రతా లోపం బయటపడినా పైథాన్ టీమ్ ప్యాచ్ ఇవ్వదు. పైథాన్ తయారుచేసినవాళ్లే వదిలేసినదాన్ని ముగ్గురు మనుషులు ఆదివారాలు కూర్చుని కాపాడాల్సిన పని లేదు. కాబట్టి నియమం ఒక్క వాక్యంలో రాసేయండి: "పైథాన్ టీమ్ సపోర్ట్ ఆపిన వెర్షన్‌ని, ఆ తర్వాత వచ్చే మా రిలీజ్‌లో ఆపేస్తాం." ఇది రీడ్‌మీలో ఉంటే ప్రతి ఏడాదీ ఇదే పంచాయితీ పెట్టుకోనక్కర్లేదు. మీ ఫ్రెండ్ ఆఫీసు సర్వర్‌ని చూసి ఆగారనీ, ఇంకొకరి మీద కోపంతో తీసేశారనీ ఎవరూ అనలేరు. అంకెల లెక్కలకి వాడే నంపై లైబ్రరీ వాళ్లు ఇంతకంటే గట్టిగా ఉంటారు. 2019లో నెప్ 29 అనే నియమం రాసుకున్నారు, పైథాన్ వెర్షన్ విడుదలైన 42 నెలల దాకానే చూస్తామని. తర్వాత అలాంటి లైబ్రరీలన్నిటికీ కలిపి వచ్చిన స్పెక్ 0 అనే నియమంలో అది మూడేళ్లకి తగ్గింది. వాళ్లు ప్రతి పైథాన్ వెర్షన్‌కీ, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కీ సీ కోడ్ కంపైల్ చేసి వీల్స్ కట్టాలి, వాళ్ల బరువు వేరు. మీది మొత్తం పైథానే కాబట్టి అయిదేళ్ల లెక్క హాయిగా సరిపోతుంది.

డౌన్‌లోడ్ లెక్కల్ని మాత్రం నమ్మి నిర్ణయం తీసుకోకండి. అందులో మనుషులకంటే సీఐ మెషీన్లే (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిపేవి) ఎక్కువగా మాట్లాడతాయి. ఏదో కంపెనీలో క్యాష్ పెట్టుకోని బిల్డ్ ఒకటి ఉంటే చాలు, కమిట్ చేసిన ప్రతిసారీ మీ ప్యాకేజీని మళ్లీ దింపుతుంది, మీకేమో 3.7లో వందలమంది ఉన్నట్టు కనిపిస్తుంది. ప్యాకేజీలన్నిటికీ నకళ్లు పెట్టుకునే మిర్రర్ సర్వర్లు సరేసరి.

వదిలేస్తే నడిరోడ్డు మీద పడతారన్న భయం కూడా తగ్గించుకోవచ్చు, ప్యాకేజీకి ఏ పైథాన్ కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ అనే లైన్ ఉన్నది దానికే. కొత్త రిలీజ్‌లో "3.10, ఆపైన" అని రాస్తే, 3.8లో ఉన్న మనిషి పిప్ (పైథాన్ ప్యాకేజీలు దింపే పనిముట్టు) ఇన్‌స్టాల్ కొట్టినప్పుడు కొత్తది రాదు, తనకి సరిపోయే ఆఖరి పాత రిలీజ్ వస్తుంది, ఎర్రర్ కూడా కనిపించదు. ప్యాకేజీలన్నీ ఉండే పైపీఐ సైటు ఇండెక్స్ పేజీలో ప్రతి ఫైలు లింకుకీ ఈ షరతు అంటిపెట్టుకుని ఉంటుంది, పిప్ ఫైలు దింపకముందే అది చదివి తనకి పనికిరానివి పక్కనపెడుతుంది. 2016 నవంబర్‌లో వచ్చిన పిప్ 9 నుంచి ఇలా చూస్తోంది. ఆ మరుసటి ఏడాది ఐపైథాన్ 6 పైథాన్ 2ని వదిలేసింది ఈ ధైర్యంతోనే, పైథాన్ 2 వాళ్ల కోసం 5వ వరసని విడిగా ఉంచి. ఒక్క జాగ్రత్త, ఫైలు ఎక్కించాక ఆ షరతు మార్చలేరు. ఎక్కించేముందు వీల్ విప్పి మెటాడేటాలో ఆ లైన్ ఉందో లేదో కళ్లతో చూడండి. లేకుండా ఎక్కించారో, 3.8 వాళ్లందరికీ కొత్త కోడ్ వెళ్లి సింటాక్స్ ఎర్రర్లు వస్తాయి. అప్పుడిక ఆ రిలీజ్‌ని యాంక్ చేసి (కొత్తవాళ్లకి రాకుండా పక్కనపెట్టి) ఇంకోటి పెట్టడమే దారి.

ల్యాబ్‌మాస్టారు:

నమస్తే అండీ. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మీ లైబ్రరీ మా పిల్లలు వాడుతున్నారో లేదో తెలియదు గానీ, ఇలాంటివి చాలా వాడతారు, కాబట్టి అవతలివైపు ఎలా ఉంటుందో చెబుతాను.

మా మెషీన్లలో ఉబుంటు 20.04 ఉంది, దానితో వచ్చిన పైథాన్ 3.8. సెలవుల్లో ఒక మెషీన్‌లో అన్నీ సరిచూసి ఇమేజ్ తయారుచేసి మిగతావాటిలో వేస్తాం. ఒకసారి సెమిస్టర్ మొదలైతే ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోం. రికార్డులో రాసిన అవుట్‌పుట్ ఒకటీ, ఎగ్జామినర్ ముందు వచ్చే అవుట్‌పుట్ ఇంకొకటీ అయితే నష్టపోయేది పిల్లలు. ల్యాబ్ లోపలికి బయటి నెట్ ఇవ్వం. కావాల్సిన వీల్ ఫైళ్లు ముందే దింపి లోపలి సర్వర్‌లో పెట్టుకుంటాం. పైన బగ్గులవేట గారు చెప్పినదానికి ఇది రెండోవైపు. సీఐ మెషీన్ ఒక్కటే వందసార్లు కనిపిస్తుంది, మేం మొత్తం క్లాసు కలిపి ఒక్క డౌన్‌లోడ్‌గా కనిపిస్తాం.

3.8ని ఎప్పటికీ మోయమని నేను అడగను, అది మీకు అన్యాయం. నాకు కావాల్సినవి వేరే ఉన్నాయి. తేదీ ముందే తెలియాలి, ఒక సెమిస్టర్ అంత ముందు తెలిస్తే సెలవుల్లో మేమే మార్చుకుంటాం. 3.8కి ఇచ్చే ఆఖరి రిలీజ్ పూర్తి చేసిన రిలీజ్ అయి ఉండాలి, తెలిసిన బగ్గులు దిద్ది ఇవ్వండి, సగం పని అయిన స్థితిలో వదిలేసి ఇదే ఆఖరిది అనొద్దు. ఆ వెర్షన్ డాక్యుమెంటేషన్ నెట్‌లో అలాగే ఉంచండి. చాలా ప్రాజెక్టులు డాక్యుమెంటేషన్‌ని కొత్తదానితో మార్చేస్తాయి, పిల్లలు అది చూసి కోడ్ రాస్తారు, మా దగ్గరున్న పాతదాంట్లో ఆ ఫంక్షనే ఉండదు, గంటలు గంటలు పోతాయి.

ఇంకొకటి, రిక్వైర్స్-పైథాన్ అందరినీ కాపాడదు. చాలామంది పిల్లలు పిప్ జోలికే పోరు. గిట్‌హబ్ పేజీలో ఆకుపచ్చ బటన్ నొక్కి జిప్ దింపుకుని, ఫోల్డర్ తీసుకొచ్చి తమ ప్రాజెక్టులో పెట్టుకుంటారు. అక్కడ ఏ షరతూ అడ్డురాదు, నేరుగా సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, అదీ మీ ఫైల్లో ఎక్కడో మధ్యలో. వాళ్లకి పైథాన్ పాతదన్న ఆలోచనే రాదు, లైబ్రరీ పాడైందనుకుంటారు. రీడ్‌మీలో అన్నిటికంటే పైన, పాత పైథాన్ ఉన్నవాళ్లు ఏ జిప్ దింపుకోవాలో లింకుతో సహా ఒక్క లైను రాయండి.

డల్లాస్‌తెలుగోడు:

ల్యాబ్‌మాస్టారు గారు చెప్పినవన్నీ చేయదగ్గవే, ఖర్చు కూడా లేనివి. నేను మాట్లాడాలనుకున్నది ఆ ఆఫీసు సర్వర్ గురించి.

కాలేజీ ల్యాబ్‌నీ కంపెనీ సర్వర్‌నీ ఒకే గాట కట్టొద్దు. నేను పనిచేసేది పెద్ద కంపెనీల సర్వర్ల మీదే. పాత వెర్షన్ మీద ఉండటం అక్కడ చాలాసార్లు లెక్కలు వేసుకుని తీసుకున్న నిర్ణయం, అందుకు డబ్బు కూడా కడుతున్నారు. రెడ్‌హ్యాట్ 8తో వచ్చే పైథాన్ 3.6. పైథాన్ టీమ్ దాన్ని 2021 డిసెంబర్‌లోనే వదిలేసింది, కానీ రెడ్‌హ్యాట్ తన కస్టమర్లకి 2029 దాకా ప్యాచ్‌లు ఇస్తుంది. నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ చూడండి. 1.0.2కి అందరికీ ఇచ్చే సపోర్ట్ 2019 చివర్లో ముగిసింది, 1.1.1కి 2023 సెప్టెంబర్‌లో ముగిసింది, ఆ తర్వాత కూడా కావాలంటే ప్రీమియం సపోర్ట్ కొనుక్కోవాలి. డెబియన్‌లో కూడా మామూలు గడువు దాటాక ఇచ్చే పొడిగింపు డబ్బు కట్టేవాళ్ల మీద నడుస్తుంది. పాతదాన్ని మోయడం ఒక పని, ఆ పనికి ఒక ధర ఉంది, మార్కెట్లో దొరుకుతుంది. అదే కంపెనీ మీ ముగ్గురి ఆదివారాల్ని ఉచితంగా అడుగుతుంటే, కాదనడం మొరటుతనం కాదు.

మీ ఫ్రెండ్ విషయంలో నా సలహా ఇది. 3.7 బ్రాంచిని (దానికోసం విడిగా ఉండే కోడ్ ప్రతిని) అలాగే ఉంచండి, దానికి కమిట్ హక్కులు తనకే ఇవ్వండి. తనకి కావాల్సిన ఫిక్స్ ఏదైనా ఉంటే తనే కొత్తదాంట్లోంచి పాతదానికి తెచ్చుకుంటారు (బ్యాక్‌పోర్ట్), వీలైతే ఆఫీసు టైమ్‌లో. మెయిన్ బ్రాంచిని మాత్రం దానికి కట్టేయకండి. ఎవరికి అవసరమో వాళ్ల చేతికి పని వెళ్తే, ఆ అవసరం నిజంగా ఎంతుందో కూడా తెలిసిపోతుంది.

ఇక తేదీ. ఒకసారి చెప్పాక జరపకండి. పైథాన్ 2 కథ మనందరం చూశాం. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. 2.7 సపోర్ట్ 2015లో ఆపేస్తామన్నారు, 2014లో దాన్ని 2020కి జరిపారు. జరిపిన మరుక్షణం ఎన్నో ఆఫీసుల్లో ఆ పని జాబితాలోంచి వెళ్లిపోయింది. మళ్లీ కదలిక వచ్చింది నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఐపైథాన్ లాంటివి కలిసి "2020 దాటాక మేం పైథాన్ 2ని చూడం" అని బహిరంగంగా మాటిచ్చాకే. తెలుగు మీద పనిచేసేవాళ్లకి ఆ ఆలస్యం ఎంత నష్టమో వేరే చెప్పాలా. పైథాన్ 2లో "తెలుగు" అనే మాట పొడవు అడిగితే 18 అని వచ్చేది, బైట్లు లెక్కపెట్టి. పైథాన్ 3లో 6. ఆస్కీ కోడెక్ ఎర్రర్లు దిద్దుకుంటూ మన భాష మీద పనిచేసినవాళ్లు పోగొట్టుకున్న కాలం తిరిగి రాదు.

అయితే ఆ కథలో ఇంకో సగం ఉంది, అదీ చెప్పాలి. మొదట్లో జనం కదలకపోవడానికి బద్ధకమొక్కటే కారణం కాదు. 3.0, 3.1, 3.2ల్లో స్ట్రింగ్ ముందు యూ అక్షరం పెట్టే రాత తీసేశారు, దాంతో ఒకే కోడ్ రెండిట్లో నడిచేలా రాయడం నరకంగా ఉండేది. 2012లో 3.3లో దాన్ని తిరిగి పెట్టాకే చాలా లైబ్రరీలు దారిన పడ్డాయి. కాబట్టి ఆపేసేముందు చూడాల్సింది, కొత్తదానికి వెళ్లే మనిషికి దారి నున్నగా ఉందా లేదా అని. మీ ఆఖరి పాత రిలీజ్‌కీ మొదటి కొత్త రిలీజ్‌కీ మధ్య ఒక్క ఫంక్షన్ పేరు కూడా మార్చకండి. పైథాన్ వెర్షన్ తప్ప ఇంకేమీ మారని రిలీజ్ ఒకటి ఇవ్వండి, మిగతా మార్పులు ఆ తర్వాత చేసుకోవచ్చు.

సందుచివరఇల్లు:

తేదీ జరపకూడదన్న మాట అన్ని చోట్లా ఒప్పుకోలేను. నేను ఆండ్రాయిడ్ యాప్స్ చేస్తాను. నా అనుభవంలో ముందు అడగాల్సిన ప్రశ్న, పాతదాంట్లో ఉన్న మనిషికి అప్‌గ్రేడ్ చేసుకునే వీలు అసలుందా అని. సర్వర్ ఉన్న కంపెనీకి ఉంది. ల్యాబ్‌కి ఉంది, కాకపోతే సెలవులు రావాలి. పాత ఫోన్ వాడే మనిషికి లేదు. ఫోన్ కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే ఆండ్రాయిడ్ వెర్షన్ మార్చుకోవడమంటే కొత్త ఫోన్ కొనుక్కోవడమే. మా ఊళ్లో పెద్దవాళ్ల చేతుల్లో ఉన్నవి పిల్లలు వాడి ఇచ్చిన ఫోన్లే.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఏం చేసిందో గుర్తుచేసుకోండి. వెబ్‌సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ, ఆ సర్టిఫికెట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే. వాళ్ల సొంత రూట్ సర్టిఫికెట్‌ని (మిగతా సర్టిఫికెట్లని నమ్మడానికి ఆధారమైనదాన్ని) 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ గుర్తించదు. అప్పటిదాకా ఐడెన్‌ట్రస్ట్ అనే ఇంకో సంస్థ రూట్ ఆసరాతో నడిచారు, దాని గడువు 2021 సెప్టెంబర్ 30న ముగుస్తుంది. 2020 నవంబర్‌లో లెక్క చూస్తే ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం 7.1 కంటే పాతవే. ముందు వాళ్లు చెప్పింది, ఇక తప్పదు, ఆ ఫోన్లలో సైట్లు తెరుచుకోవు, ఫైర్‌ఫాక్స్ వేసుకోండి అని. ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితా తనే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత దారి వెతికారు. రూట్ సర్టిఫికెట్ గడువు దాటినా పాత ఆండ్రాయిడ్ ఆ తేదీని పట్టించుకోదు. ఐడెన్‌ట్రస్ట్‌తో మాట్లాడి, ఆ రూట్ గడువు దాటాక కూడా చెల్లే కొత్త క్రాస్ సంతకం (తమ రూట్‌కి ఐడెన్‌ట్రస్ట్ రూట్ ఇచ్చే హామీ) తీసుకున్నారు, మూడేళ్లకి. 2024 సెప్టెంబర్‌లో అది ముగిసింది, ఈసారి పొడిగించలేదు. 2023లో చూసుకుంటే వాళ్ల రూట్‌ని గుర్తించే ఫోన్లు 66 శాతం నుంచి 93.9 శాతానికి చేరాయి. చెప్పిన మాట మార్చారు, మార్చడమే మంచిదైంది.

పలకబలపం గారూ, మీ లైబ్రరీని ఎవరైనా ఫోన్ యాప్‌లో పెట్టి వాడుతున్నారా? అలా ఉంటే మాత్రం అయిదేళ్ల లెక్క వేసేముందు వాళ్లతో ఒక్కసారి మాట్లాడండి.

డల్లాస్‌తెలుగోడు:

మీ ఉదాహరణ ఒప్పుకుంటున్నాను, మంచి పని చేశారు వాళ్లు. కానీ రెండు తేడాలున్నాయి. అక్కడ జీతాలు తీసుకుని పనిచేసే టీమ్ ఉంది. పైగా వాళ్లకి దొరికిన దారి ఒకసారి ఏర్పాటు చేస్తే మూడేళ్లు నడిచేది, ప్రతి ప్యాచ్‌లోనూ ప్రతి రిలీజ్‌లోనూ తగిలే బరువు కాదు. 3.7 అలాంటిది కాదు, రోజూ తగులుతుంది. ఒక్క ఏర్పాటుతో పాతవాళ్లని ఇంకొంతకాలం నిలబెట్టగలిగితే నేనూ నిలబెట్టమనే అంటాను. ఈ థ్రెడ్‌లో అలాంటిది ఆ 128 గళ్ల పట్టిక, దాన్ని పాత వెర్షన్లకి కూడా ఇచ్చి వెళ్లండి.

పలకబలపం:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఫోన్ యాప్‌లో వాడుతున్నవాళ్లు మాకు తెలిసినంతలో లేరు, అయినా ఇష్యూల పేజీలో అడుగుతూ ఒక పోస్టు పెట్టాను.

పట్టిక నిన్ననే రాసేశాం. 3.7లో నడిపి చూస్తే నకారపొల్లుతో ముగిసే మాటలన్నీ తమ చోటికి వచ్చాయి, ఆ పాత శ్రీ కూడా. ఇష్యూ పెట్టినాయనకి పంపితే ఒక శతకం మొత్తం పేర్చి చూసుకుని సరిగ్గా ఉందని రాశారు. ఈ దిద్దుబాటుతో, ఇప్పటిదాకా పెండింగ్‌లో ఉన్న చిన్న బగ్గులు కూడా దిద్ది ఒక రిలీజ్ ఇస్తున్నాం, 3.7, 3.8, 3.9లకి అదే ఆఖరిది. దాని డాక్యుమెంటేషన్ విడి లింకులో ఎప్పటికీ ఉంటుంది, జిప్ లింకు రీడ్‌మీ పైనే ఉంటుంది. ఈ సెమిస్టర్ పరీక్షలు అయ్యాక వచ్చే రిలీజ్ నుంచి 3.10, ఆపైన మాత్రమే. 3.7 బ్రాంచి ఆఫీసు సర్వర్ ఉన్న మా మిత్రుడి చేతికి వెళ్లింది, తనే అడిగి తీసుకున్నారు. బగ్గులవేట గారు రాసిన వాక్యం ఉన్నదున్నట్టు రీడ్‌మీలో పెట్టాం.

ఇక మిగిలింది నంబరు. ఇప్పుడు 2.6లో ఉన్నాం, పాతవాటికిచ్చే ఆఖరి రిలీజ్ 2.7 అవుతుంది. పాత వెర్షన్లు తీసేసే రిలీజ్‌ని 3.0 అనాలా, 2.8 అనాలా? మాలో ఇద్దరు 3.0 అంటున్నారు, ఏదో విరిగినప్పుడు పెద్ద నంబరు మారాలి కదా అని.

బగ్గులవేట:

2.8 అనండి. ఫంక్షన్లేవీ మారనప్పుడు వాడేవాళ్ల కోడ్‌లో విరిగేదేమీ లేదు, పాత పైథాన్ ఉన్నవాళ్లకి పిప్ ఆ రిలీజ్‌ని చూపించదు. పెద్దవి కూడా ఇలాగే చేశాయి. నంపై పైథాన్ 2ని వదిలింది 1.17లో, రిక్వెస్ట్స్ పైథాన్ 2.7ని వదిలింది 2.28లో. 3.0 అన్నారంటే జనం ఏవో పెద్ద మార్పులున్నాయని భయపడి 2 దగ్గరే ఆగిపోతారు, వాళ్ల డిపెండెన్సీ ఫైళ్లలో "3 కంటే తక్కువ" అని రాసుకున్నవాళ్లకి అసలు రానే రాదు. మార్పుల జాబితాలో మాత్రం మొదటి లైను అదే ఉండాలి.

2.8ని ఎక్కించేముందు ఒక పని చేయండి. 3.7, 3.8, 3.9 ఉన్న మూడు ఖాళీ ఎన్విరాన్‌మెంట్లు పెట్టుకుని, 2.7నీ 2.8నీ ముందు టెస్ట్ పైపీఐలో (ప్రయోగాల కోసం ఉన్న విడి సైటులో) పెట్టి, మూడిట్లోనూ పిప్ ఇన్‌స్టాల్ కొట్టి 2.7యే వస్తోందా లేదా చూడండి. అక్కడ సరిగ్గా వస్తే అసలు పైపీఐలోనూ వస్తుంది.

ల్యాబ్‌మాస్టారు:

చాలా సంతోషం అండీ. 2.7 రాగానే వీల్ ఫైలు లోపలి సర్వర్‌లో పెట్టుకుంటాను. వచ్చే సెలవుల్లో మెషీన్లన్నీ ఉబుంటు 24.04కి మారుస్తున్నాం, దాంట్లో 3.12 ఉంటుంది కాబట్టి తర్వాతి బ్యాచ్‌కి నేరుగా 2.8 ఇచ్చేస్తాం. రీడ్‌మీలో పెట్టే జిప్ లింకు మెయిన్ బ్రాంచికి కాకుండా 2.7 ట్యాగ్‌కి ఇవ్వడం మర్చిపోకండి.